వప్రం కోటగోడ కాదు

మనుచరిత్ర చదువుకున్నవాళ్ళకి ప్రవరుడి ఊరు అరుణాస్పదపురం గుర్తుండకపోదు. వరణా నది ఒడ్డున ఉన్న ఆ ఊరిని మనకు చూపిస్తూ పెద్దన మొదట్లోనే 'వప్రస్థలి' అనే మాట వేశాడు. అది ఆకాశాన్ని తాకేంత ఎత్తుగా ఉందన్నాడు. ఆ పద్యం పాఠమైన చోటల్లా ఈ మాటకు దొరికే అర్థం ఒక్కటే, కోటగోడ. పరీక్షల గైడులో అదే, పండితుడి ఉపన్యాసంలో అదే. కోట, ప్రాకారం, సాలం, వరణం, వప్రం అన్నీ పర్యాయపదాలేననీ, ఛందస్సులో ఏది ఇమిడితే దాన్ని కవి అక్కడ పడేస్తాడనీ మనకో ధీమా పాతుకుపోయింది.

ఈ ధీమాకు ఆధారం లేదు. అగడ్త తవ్వినప్పుడు వచ్చిన మన్నును లోపలివైపు పోసి, అణగదొక్కి లేపిన పెద్ద కట్ట వప్రం. దాని మీద లేచే గోడ ప్రాకారం. కట్ట లేకుండా గోడ ఉండొచ్చు, గోడ లేకుండా కట్ట ఉండొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. ఇంటి అరుగునీ గోడనీ ఒకే పేరుతో పిలిచేవాణ్ణి మనం తాపీమేస్త్రీగా పెట్టుకోం. కోటల దగ్గరికొచ్చేసరికి మాత్రం అలా పిలిచేవాళ్ళనే నమ్ముకుని కూర్చున్నాం.

పర్యాయపదాల వాదులు ముందుగా అమరకోశాన్నే సాక్ష్యానికి పిలుస్తారు. అమరంలో ఇవన్నీ ఒక్కచోటే ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. పురవర్గంలో వీధి పేర్లు అయిపోగానే చయం, వప్రం వస్తాయి. ఆ వెంటనే ప్రాకారం, వరణం, సాలం వస్తాయి. అయితే పక్కపక్కన కూర్చున్నవాళ్ళంతా ఒకే ఇంటివాళ్ళు కారు. అమరసింహుడు చయాన్నీ వప్రాన్నీ ఒక జంటగా కట్టి, ప్రాకార వరణ సాలాలను వేరే గుంపుగా కట్టాడు. చయమంటే పోగు. పోగుపోసినదానితో వప్రానికి జత కుదిరింది గాని గోడతో కుదరలేదు. ఆ కోశానికి వ్యాఖ్యలు రాసినవాళ్ళు కూడా అగడ్తలోంచి తీసిన మన్నుతో కట్టినదనీ, దాని మీద ప్రాకారాన్ని నిలుపుతారనీ విప్పి చెప్పారు. ఇంతకన్నా తేటగా ఇంకెవరు చెప్పాలి?

అదే అమరంలో వైశ్యవర్గానికి వెళ్తే వప్రం మళ్ళీ ఎదురవుతుంది. ఈసారి అది కేదారం, క్షేత్రం పక్కన ఉంటుంది, అంటే పొలం. రాతితోనో ఇటుకతోనో పుట్టిన మాటే అయితే పొలంలోకి ఎలా దిగింది? మట్టితో ఉన్న చుట్టరికమే దాన్ని రెండు చోట్లా నిలబెట్టిందని నా నమ్మకం. పొలానికీ గట్టుకీ ఉన్న సంబంధం తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి పొరపాటు ఎక్కడ జరిగింది? వల్లెవేయడంలో జరిగిందనుకుంటాను. శ్లోకాన్ని కంఠస్థం చేసేటప్పుడు ఒక గుంపు ఎక్కడ ముగిసిందో, మరో గుంపు ఎక్కడ మొదలైందో చెవికి తెలియదు. గొంతు ఒక్క ఊపులో పోతుంది. ఆ ఊపులో చయం నుంచి సాలం దాకా అన్నీ ఒకే దండలో పూలైపోయాయి. దండ నేర్చుకున్నవాడే గురువయ్యాడు, గురువు చెప్పిందే గైడయింది.

ఇక అర్థశాస్త్రానికి వద్దాం. కౌటిల్యుడు దుర్గవిధానం చెప్పిన అధ్యాయం రెండో అధికరణంలో ఉంది. కవిత్వం ఛాయలు కూడా లేని రచన అది, పనివాడికి ఇచ్చిన పురమాయింపులా ఉంటుంది. కోట చుట్టూ మూడు అగడ్తలు తవ్వమంటాడు. వెడల్పులు 14, 12, 10 దండాలు. దండం అంటే నాలుగు మూరలు, మన లెక్కలో ఇంచుమించు ఆరడుగులు. లోతు వెడల్పులో ముప్పావు గాని, సగం గాని ఉండాలి. అడుగు భాగం పైభాగంలో మూడో వంతు ఉండొచ్చు. ఇక్కడి నుంచే అసలు కథ. లోపలి అగడ్తకు నాలుగు దండాల దూరంలో, తవ్విన మన్నుతోనే వప్రం కట్టాలి. ఎత్తు ఆరు దండాలు, వెడల్పు అంతకు రెట్టింపు. అంటే దాదాపు 36 అడుగుల ఎత్తు, 72 అడుగుల వెడల్పు. ఏనుగుల చేతా ఎడ్ల చేతా తొక్కించాలి. ముళ్ళపొదలూ విషపుతీగలూ పెంచాలి. ఆ తర్వాత, వప్రం పైన ప్రాకారం. అది ఇటుకలతో, మందానికి రెట్టింపు ఎత్తుగా ఉండాలి. రాతితోనైనా కట్టొచ్చు గాని కర్రతో మాత్రం వద్దు, కర్రలో అగ్ని పొంచి ఉంటాడు అంటాడు.

72 అడుగుల వెడల్పున్న గోడ ఎక్కడైనా చూశారా? దాని మీద ముళ్ళపొదలు పెంచిన మేస్త్రీని చూశారా? గోడ మీదికి ఏనుగుల్ని తోలి తొక్కించడం ఎలాగో 'వప్రము అనగా కోటగోడ' అనేవాళ్ళు ఒక్కసారి విడమరిచి చెబితే వినాలని ఉంది. తొక్కించడం ఎందుకో చెరువుపని తెలిసిన ఎవరైనా చెబుతారు. వదులుగా పోసిన మన్ను మొదటి వానకే జారిపోతుంది. పొర మీద పొర వేసి, ప్రతి పొరనూ అణిచితేనే కట్ట నిలుస్తుంది. ఇవాళ చెరువుకట్టల మీద మొనలు తేలిన షీప్‌ఫుట్ రోలర్లు చేసే పని అప్పుడు ఏనుగు పాదాలు చేశాయి. ముళ్ళపొదలది రెండు చేతుల పని. వేళ్ళు మన్నును పట్టి ఉంచుతాయి, కొమ్మలు ఎక్కేవాణ్ణి చీరేస్తాయి.

ఇంకా అనుమానం ఉంటే మన్ను లెక్క వేసి చూద్దాం. అగడ్తలకు తక్కువ లోతే తీసుకుందాం, అంటే వెడల్పులో సగం. అడుగు భాగం మూడో వంతే అనుకుందాం. అలా పిసినారిగా లెక్క వేసినా మూడు అగడ్తల అడ్డుకోత కలిపి 146 చదరపు దండాల పైచిలుకు వస్తుంది. వప్రానికి వాలు లేకుండా పక్కలు నిలువుగా ఉన్నాయని ఉదారంగా అనుకున్నా దాని అడ్డుకోత 72 దాటదు. అంటే తవ్విన మన్నులో సగం చాలు. తొక్కుడులో అణిగే భాగం తీసేసినా బోలెడు మిగులుతుంది. ఆ మిగిలిన మన్నును ఏం చేయాలో కూడా కౌటిల్యుడు మరవలేదు. ఊరి స్థలంలో పల్లాలు పూడ్చడానికో, రాజభవనం మెరక చేయడానికో వాడమన్నాడు. మన్ను బండి ఎక్కడ ఒంపాలో చెప్పినవాడికి వప్రమేదో ప్రాకారమేదో తెలియదని అనుకోగలమా?

వప్రం ఆకారాలు మూడని కూడా అక్కడే ఉంది. నిటారుగా పోగుపడినది ఒకటి, మంచంలా పైన చదునుగా ఉండేది ఒకటి, కుండ కడుపులా ఉబ్బినది ఒకటి. గోడకు ఈ మూడు రూపాలు ఎలా అంటగడతారు?

ఒక మాట ఒప్పుకోవాలి. అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి మైసూరులో శామశాస్త్రి చేతికి వచ్చింది 1905లో, అచ్చయింది 1909లో. అంతకు ముందు మన వ్యాఖ్యాతల్లో చాలామంది దాన్ని చూసి ఉండరు. వాళ్ళను నిందించడం న్యాయం కాదు. కాని ఆ పుస్తకం అచ్చయి వందేళ్ళు దాటింది. తెలుగులోకి కూడా వచ్చింది. ఇప్పటికీ పాత అర్థాన్నే పట్టుకు వేలాడటానికి కారణం బద్ధకం తప్ప మరొకటి కనబడదు.

పైగా అర్థశాస్త్రం దొరకలేదన్న సాకు కూడా అందరికీ పనికిరాదు. మెదక్ జిల్లా కొల్చారం మనిషి, కాళిదాసు వ్యాఖ్యాత మల్లినాథసూరికి ఆ సాకు అవసరమే రాలేదు. మేఘసందేశం రెండో శ్లోకంలో రామగిరి కొండకు ఒరిగిన మేఘాన్ని కాళిదాసు వప్రక్రీడలో ఉన్న ఏనుగుతో పోల్చాడు. దాన్ని 'కోటగోడలను కుమ్మే ఆట' అని చెప్పడం ఇప్పటికీ వింటూ ఉంటాం. మల్లినాథుడు ఏమన్నాడో చూడండి. ఉత్ఖాతకేళి అన్నాడు. ఉత్ఖాతం అంటే తవ్వి పైకి తీయడం. ఏనుగు దంతాలతోనూ ఎద్దు కొమ్ములతోనూ గట్టును కుమ్మి మన్ను ఎగజిమ్మే ఆట అది. ఏటిగట్టు దగ్గర మదించిన ఆంబోతును చూసిన ఏ పల్లెటూరివాడికైనా ఆ ఆట తెలుసు. ఇటుక గోడను కుమ్మితే ఏనుగు దంతం విరుగుతుంది, దాన్ని క్రీడ అనరు. గోడ అర్థం పెట్టుకుంటే కాళిదాసు పోలిక కూడా చెడుతుంది. కొండ చరియను ఆనుకుని వంగిన మేఘానికి వాలుగా ఉన్న మట్టిగట్టు సరిపోతుంది గాని, నిట్టనిలువు గోడ సరిపోదు.

ఈ మల్లినాథుణ్ణి మనవాడని చెప్పుకుని సభలు పెడతాం, ఆయన చెప్పిన అర్థాన్ని మాత్రం క్లాసులోకి రానివ్వం.

ఇప్పుడు ఎదుటివాళ్ళ బలమైన వాదం దగ్గరికి వస్తాను, ఎందుకంటే అది కొట్టిపారేసేది కాదు. "మాటలు స్థిరంగా ఉండవు. కౌటిల్యుడి కాలంలో ఏ అర్థమైనా ఉండనీ, కవులు వప్రాన్ని గోడగా వాడారు, కొన్ని నిఘంటువులు అలాగే రాసుకున్నాయి. వాడుకే ప్రమాణం" అంటారు. మాటలు కదులుతాయన్నది నిజమే. దీనికి వాళ్ళకన్నా మంచి ఉదాహరణ నేనే ఇస్తాను. ప్రతోళి అనే మాట అర్థశాస్త్రంలో రెండు అట్టాలకాల, అంటే కావలి గోపురాల, మధ్య కట్టే మేడ లాంటి కట్టడం, అమరకోశానికి వచ్చేసరికి వీధి అయిపోయింది. వప్రానికి కూడా అలాంటి జారుడు కొంత జరిగింది. కవి ఛందస్సు కోసం వప్రాన్ని ప్రాకారం చోట వాడిన సందర్భాలు ఉండవని నేను పందెం కాయను.

కాని వాడుకే ప్రమాణమనేవాళ్ళు ఒక మెట్టు దాటవేస్తున్నారు. ఒక మాట రెండో అర్థం తెచ్చుకుంటే మొదటి అర్థం చచ్చిపోయినట్టు కాదు. రెండూ ఉన్నప్పుడు, ఇక్కడ ఏది అని అడగడం వ్యాఖ్యాత పని. మన వ్యాఖ్యాతలు ఆ ప్రశ్న అడగడమే మానేశారు. పెద్దన దగ్గర ఆ ప్రశ్న అడిగి చూడండి. ఆయన ఉత్త వప్రం అనలేదు, వప్రస్థలి అన్నాడు. స్థలి అంటే నేల, మెరక, నిలబడటానికి చోటున్నది. కట్టకు స్థలి అతుకుతుంది, గోడకు అతకదు. ఏటి ఒడ్డున ముందు ఎత్తయిన మట్టికట్ట, ఆ వెనక చంద్రుడికి తగిలేంత ఎత్తున సున్నం కొట్టిన మేడలు. నది నుంచి ఊరివైపు చూస్తే కంటికి తగిలే వరుస ఇదే. పెద్దన సైనికుడో కాదో నాకు అనవసరం. విజయనగర సామ్రాజ్యంలో కోటల మధ్య తిరిగిన మనిషి మాత్రం అవును. అక్కడ ఆయన గోడనే ఉద్దేశించాడని ఎవరైనా రుజువులతో వాదిస్తే వింటాను. అసలు వాదించకుండానే గోడ కట్టేయడం నాకు నచ్చదు.

మాట అర్థం కొంచెం అటూ ఇటూ అయితే కొంపలేం మునిగాయని అడిగేవాళ్ళు ఒకసారి ఓరుగల్లుకు రావాలి.

ఓరుగల్లు కోటను గణపతిదేవుడు మొదలుపెట్టాడు, రుద్రమదేవి పూర్తిచేసింది, ప్రతాపరుద్రుడు ఇంకా పటిష్ఠం చేశాడు. చూడటానికి వచ్చేవాళ్ళు నేరుగా కీర్తితోరణాల దగ్గర దిగి, ఫొటోలు తీసుకుని, ఖుష్‌మహల్ చూసుకుని తిరుగుముఖం పడతారు. కాస్త ఆసక్తి ఉన్నవాళ్ళు 45 బురుజుల రాతికోటను చూస్తారు. ఆ రాతికోటకు బయట, దాదాపు రెండున్నర కిలోమీటర్ల అడ్డుకొలతతో గుండ్రంగా సాగే మట్టికోట ఒకటుంది. వాళ్ళ బస్సు దాన్ని దాటుకునే లోపలికొచ్చింది. కాని అది ఎవరి కంటికీ ఆనదు. ఎందుకంటే కోట అంటే గోడ అని చిన్నప్పుడే చెప్పి పంపాం. గోడ లేదు కాబట్టి అది దిబ్బ. దిబ్బ అయితే తవ్వుకోవచ్చు, రోడ్డుకు కోయొచ్చు, అంచున ఇల్లు వేసుకోవచ్చు. రాతిగోడలో ఒక రాయి లాగితే గోల చేసే ఊరు, కట్టలోంచి ట్రాక్టరెడు మన్ను పోతే పట్టించుకోదు.

ఆ దిబ్బ సంగతి దాన్ని ముట్టడించిన పక్షం మనిషే రాసిపెట్టాడు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ సేనలు ఓరుగల్లు మీద పడ్డప్పటి ముచ్చటను ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో ఖజాయినుల్ ఫుతూహ్‌లో చెప్పాడు. వెలుపలి గోడ మట్టిదేనట, కాని ఉక్కు బల్లెం దానిలోకి దిగదట. యంత్రాలతో విసిరిన గుండ్లు తగిలి వెనక్కి ఎగిరాయట, పిల్లలు ఆడుకునే కాయల్లాగా. తన సుల్తాను గెలిచిన కోట గురించి కవి గొప్పగా చెప్పుకుంటాడన్నది నిజమే, అతిశయోక్తి పాలు తీసేయండి. తీసేశాక కూడా మిగిలేది ఒకటుంది. ఢిల్లీ సేనను నిలబెట్టిన గోడగా అతనికి గుర్తున్నది మట్టిదే. అగడ్తను పూడ్చి, యంత్రాలతో రోజుల తరబడి కొట్టి గాని ఆ కట్టను దాటలేకపోయారు. దాటాక ఎదురుగా రాతికోట కనిపించింది. దాని మీదికి ఎక్కే అవసరం రాకముందే ప్రతాపరుద్రుడు సంధికి వచ్చాడు.

'రాయి దొరక్క మట్టితో కట్టారు' అని ఒక మాట తరచూ వినబడుతుంది. ఓరుగల్లులో రాయి దొరకలేదా? ఏకశిలానగరమని పేరు పెట్టుకున్న ఊరు అది. చుట్టూ గ్రానైటు గుట్టలే. లోపలి వలయం మొత్తం ఆ రాతితోనే లేపారు. రాయి చేతిలో ఉండీ, రాయి చెక్కడంలో వేయిస్తంభాల గుడి కట్టిన చేతులుండీ, వెలుపలి వలయాన్ని మట్టితో కట్టారంటే అది ఎంపిక. కాకతీయుల కాలంలో మట్టికట్ట వేయడంలో ఎంత ఆరితేరారో పాకాల, రామప్ప చెరువులు ఇవాళ్టికీ నీళ్ళతో చెబుతున్నాయి. నీటి బరువును శతాబ్దాలు ఆపే కట్ట వేయగలిగినవాళ్ళు యంత్రం విసిరిన గుండుకు భయపడతారా?

రాతికోట దగ్గరకు వెళ్ళినప్పుడు ఇంకొకటి చూడాలి. బయటినుంచి చూస్తే నిలువెత్తు రాతిగోడ. లోపలికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే గోడ కనబడదు. వాలుగా మట్టికట్ట, దాని మీద రాతిమెట్లు చుట్టూ సాగిపోతూ ఉంటాయి. సైనికులు ఏ మూల నుంచైనా మెట్లెక్కి పైకి పోవచ్చు. ఆ గ్రానైటు దిమ్మెలు సున్నం లేకుండా అన్ని వందల ఏళ్ళు నిలబడ్డాయంటే వెనక కట్ట వాటికి వీపు కాసింది గనక. గోడ ప్రాకారం, వీపు కాసినది వప్రం. రెండు మాటలూ తెలిసినవాడు ఆ మెట్ల దగ్గర నిలబడి కోట ఎలా పనిచేసిందో పది నిమిషాల్లో గ్రహిస్తాడు. ఒకే మాట తెలిసినవాడు బయటినుంచి గోడ చూసి 'ఆహా' అని పోతాడు.

ఇది కాకతీయుల ప్రత్యేకత కూడా కాదు. భువనేశ్వర్ పక్కన శిశుపాలగఢ్‌లో 1948లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ తవ్విన గుంటలో వరుస స్పష్టంగా బయటపడింది. మొదట బంకమట్టి కట్ట, దాని మీద తర్వాతి కాలపు ముతక మట్టిపొర, చాలాకాలానికి పైన ఇటుక గోడలు. అక్కడ కట్ట ముందు పుట్టింది, గోడ తరవాత వచ్చి చేరింది. మన పెద్దపల్లి వైపు ధూళికట్టలో శాతవాహనుల కాలపు మట్టికోట ఉంది. ఆ ఊరి పేరులోనే ధూళీ ఉంది, కట్టా ఉంది. పేరు పుట్టుక మీద నేను పందెం కాయను గాని, ఆ ఊరివాళ్ళకు వప్రమంటే ఏమిటో చెప్పడం మాత్రం తేలిక.

ఫిరంగులు వచ్చాక మట్టికోటలకు కాలం చెల్లిందన్నది ఇంకో అపోహ. అసలు సంగతి తిరగబడి ఉంది. ఇనుపగుండు తగిలితే రాతిగోడ పగులుతుంది, ముక్కలు లోపలివాళ్ళ మీదే పడతాయి. మట్టికట్ట ఆ గుండును మింగేస్తుంది. రాత్రికి పారలు పట్టుకుని నలుగురు దిగితే పడిన గుంట తెల్లారేసరికి పూడుతుంది. 1805 జనవరి, ఫిబ్రవరి నెలల్లో బ్రిటిష్ సేనాని లార్డ్ లేక్ భరత్‌పూర్ కోట మీద నాలుగుసార్లు ఎగబడ్డాడు. నాలుగుసార్లూ తోక ముడిచాడు. మూడు వేల మందికి పైగా చచ్చో గాయపడో నేలకూలారు. ఆ కోట బలం దాని దళసరి మట్టికట్టలూ వెడల్పాటి అగడ్తా. ఇరవయ్యేళ్ళు గడిచి, 1826 జనవరిలో మరో బ్రిటిష్ సేనాని కంబర్‌మియర్ దాన్ని పట్టుకున్నప్పుడు కూడా ఫిరంగిని నమ్ముకోలేదు. కట్ట కిందకి సొరంగం తవ్వి, టన్నుల కొద్దీ మందుగుండు కూరి పేల్చాడు.

మనకు ఇంకా దగ్గరది పాంచాలంకురిచ్చి. ఇంట్లో తెలుగు మాట్లాడే నాయకుల వంశం వీరపాండ్య కట్టబొమ్మనది. 1799లో ఆయన్ని ఉరితీసి, కోటను కంపెనీ వాళ్ళు నేలమట్టం చేశారు. 1801 ఫిబ్రవరిలో తమ్ముడు ఊమైదొరై పాళయంకోట జైలు నుంచి తప్పించుకొచ్చి కొద్ది రోజుల్లోనే మట్టితో కోటను మళ్ళీ లేపాడు. రాతికోట అయితే కొద్ది రోజుల్లో లేస్తుందా? మార్చి 31న కంపెనీ సేన ఎగబడింది, దెబ్బతిని వెనక్కి వచ్చింది. కోట పడింది మే 24న, అదీ అదనపు బలగాలూ పెద్ద ఫిరంగులూ తెప్పించుకున్నాక. కట్టబొమ్మన్ని తెలుగువాళ్ళం సినిమా డైలాగుల్లో గుర్తుపెట్టుకున్నాం. రెండు నెలలు కాచిన ఆ మట్టి సంగతి మాత్రం మనకు పట్టలేదు.

ఇన్ని చెప్పాక, ఛాదస్తం అనే బిరుదు ఎలాగూ తప్పదు. ప్రతి కోటమాటకూ కొలబద్ద పట్టుకుని తిరగాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఏటా ఆగస్టు 15న పత్రికలు 'ఎర్రకోట బురుజుల మీదినుంచి' ప్రధాని మాట్లాడాడని రాస్తాయి. ప్రధాని నిలబడేది లాహోరీ ద్వారం దగ్గర. ఆ ద్వారానికి ముందు అడ్డుగా మరో కట్టడం కట్టించింది ఔరంగజేబు. బురుజంటే గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రని దిమ్మ. హిందీవాళ్ళు ప్రాచీర్ అంటారు, అది కొంచెం నయం. అయినా ఆ వార్త చదివి ఎవరూ ఏ కోటనూ పోగొట్టుకోరు, పోనివ్వండి. బురుజుకీ కొత్తళానికీ తేడా వెతకమనీ నేను అనను. తెలుగులో ఆ రెండూ చాలాకాలంగా కలిసి కాపురం చేస్తున్నాయి. కోటగోడ వరుసైన అలంగాన్ని బురుజుతో కలిపితే మాత్రం ఒకసారి తంజావూరు వీధులు చూడమంటాను. మన నాయకరాజులు ఏలిన ఆ ఊళ్ళో పాతకోట గోడల వెంబడి సాగే వీధులకు తూర్పు అలంగం, ఉత్తర అలంగం, పడమటి అలంగం అని ఇవాళ్టికీ పేర్లున్నాయి. ఒక్క బురుజు వెంబడి వీధి సాగదు.

కొన్ని మాటలు కలిసిపోతే నష్టం లేదు. ఏ మాట పోతే ఒక వస్తువే కంటికి కనబడకుండా పోతుందో, ఆ మాట దగ్గర మొండికెయ్యాలి. వప్రం అలాంటిది. దాని పేరు గోడకిచ్చేశాం కాబట్టి కట్ట అనామకమైపోయింది. సంస్కృతం బరువనిపిస్తే మట్టికట్ట అనండి, కోటకట్ట అనండి, నాకు అభ్యంతరం లేదు. కోటగోడ అని మాత్రం అనకండి.

గైడులు రాసేవాళ్ళకు పని కూడా తేలికే. 'వప్రము: అగడ్త తవ్విన మన్నుతో కోట చుట్టూ కట్టిన కట్ట, దాని మీది గోడ ప్రాకారము.' ప్రవరుడి పాదలేపానికి అరపేజీ ఇవ్వగలిగిన పుస్తకంలో దీనికి ఒక్క వరుస చోటు దొరక్కపోదు.